తాతగారి ఫోన్‌ను తోమి పంపకండి



వచ్చే నెలలో జరిగే పాత వస్తువుల ప్రదర్శన గురించి సర్క్యులర్ ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చే ఉంటుంది. ఈ శని, ఆదివారాల్లో అటకలు దులపడం మొదలవుతుంది. రాగి బిందె, కంచు గంట, గ్రామఫోన్ పెట్టె, రైల్వే లాంతరు, అదృష్టం బాగుంటే ముత్తాతగారి కాలం టెలిఫోన్, ఏదో ఒకటి దొరుకుతుంది. దొరకగానే మన ఇళ్లలో జరిగే పని ఒకటే. చింతపండు నానబెడతాం, ఉప్పు తీస్తాం, కొబ్బరి పీచు అందుకుంటాం. లేదా కిరాణా షాపుకి వెళ్లి పాలిష్ డబ్బా తెస్తాం. పిల్లలు స్కూలుకి పట్టుకెళ్లే వస్తువు మాసి నల్లగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారో అని మన బెంగ.

ఈసారి ఆ పని చేయకండి అని అడగడానికే ఇది రాస్తున్నాను. నేను పై తరగతులకు కెమిస్ట్రీ చెప్పే టీచర్‌ని. పాత లోహపు వస్తువు మీద ఫ్యాక్టరీలో పూసిన పూత, ఆ తర్వాత దాన్ని వాడిన చేతులు మిగిల్చిన అరుగుదల, ఈ రెండూ కలిసి ఆ వస్తువు గురించి చాలా చెబుతాయి. ఒక్క మధ్యాహ్నంలో వాటిని తోమేస్తే, ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు.

టెలిఫోన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దాని విషయంలో మన కళ్లకు తప్పుడు అలవాటు పడింది. కొవ్వొత్తి స్టాండులా నిటారుగా ఉండే ఫోన్ మీకు తెలిసే ఉంటుంది. గుండ్రటి పీఠం, దాని మీద సన్నటి గొట్టం, పైన మాట్లాడే గరాటా, పక్కన కొక్కేనికి వేలాడే రిసీవర్. ఇంగ్లీషులో క్యాండిల్‌స్టిక్ ఫోన్ అంటారు. సుమారు 1900 నుంచి 1930 దాకా ఆఫీసు బల్లల మీద రాజ్యమేలింది ఇదే. అమెరికాలో వీటిని ఎక్కువగా చేసింది వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ. బ్రిటన్‌లో తపాలా శాఖ తన చందాదారులకు ఇచ్చేది. 1924లో డయల్‌తో వచ్చిన నంబర్ 150 మోడల్ వాటిలో పేరున్నది. మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. 1948లో బెంగళూరులో ఐటీఐ ఏర్పడేదాకా మనకు ఫోన్లు ఎక్కువగా బయటి దేశాల నుంచే వచ్చాయి.

ఇలాంటి ఫోన్‌ను మీరు ఎక్కడ చూశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. హోటల్ రిసెప్షన్‌లో, పెళ్లికి ముందు తీసే ఫోటోషూట్‌లో, సీరియల్‌లోని జమీందారు బంగళాలో. ప్రతిచోటా అది బంగారంలా ధగధగలాడుతూ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి అలా మెరుస్తూ బయటికి వచ్చినవి చాలా అరుదు. లోపలి లోహం చాలావాటిలో ఇత్తడే, నిజమే. కానీ దాన్ని అలా వదిలేసేవాళ్లు కాదు. తొలినాళ్లలో చాలా ఫోన్లకు నికెల్ పూత ఉండేది, అంటే వెండిలా తెల్లగా కనిపించేవి. తర్వాత నలుపు వచ్చింది. కొన్నింటిని రసాయనాలతో ముదురు రంగుకు తిప్పారు. ఇంకా చాలావాటికి నల్లటి వార్నిష్ పూసి, కొలిమి లాంటి గదిలో వేడికి ఆరబెట్టి గట్టిపరిచారు. దాన్ని జపాన్ పూత అంటారు. తారు జాతి పదార్థం కలిసిన పూత అది. కొత్తగా ఉన్నప్పుడు పియానోలా నిగనిగలాడుతుంది.

నలుపే ఎందుకంటే, ఇత్తడికి చేతి చెమట తగిలితే మచ్చలు పడతాయి. రోజూ పదిమంది చేతులు మారే వస్తువును తోముతూ కూర్చునే తీరిక ఆఫీసుల్లో ఎవరికుంటుంది? పైగా ఆ రోజుల్లో ఫోన్ సాధారణంగా చందాదారుడి సొంతం కాదు, కంపెనీది. అద్దె కట్టి వాడుకునేవాళ్లు. తిరిగొచ్చిన ఫోన్‌ను బాగుచేసి, మళ్లీ రంగేసి ఇంకొకరికి ఇచ్చేవాళ్లు. అందుకే కొన్ని ఫోన్ల మీద నల్లపూత చిట్లిన చోట కింద నికెల్ తెల్లగా తొంగిచూస్తుంది. ఒకచోట తెల్లటి ఫోన్‌గా పనిచేసి, తర్వాత నల్లబట్టలు కట్టుకుని మరోచోట ఉద్యోగంలో చేరిందన్నమాట. గోరంత చిట్లిన అంచు చూసి అంత సంగతి చెప్పొచ్చు.

మరి ఆ బంగారు రంగు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఫోన్లకు కాలం చెల్లాక, విదేశాల్లో పాత వస్తువుల వ్యాపారులు వీటిని అలంకారం కోసం అమ్మడం మొదలుపెట్టారు. నల్లపూతను మందు వేసి ఒలిచి, కింది ఇత్తడిని మెరిపిస్తే గిరాకీ బాగుండేది. అలా ఒలిచిన ఫోన్లను చూసి నకళ్లు తయారయ్యాయి. ఇత్తడి పనికి పేరుపొందిన ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ లాంటి చోట్ల ఇప్పుడు కొత్తగా చేసిన పాత ఫోన్లు దొరుకుతాయి. వాటిని చేసే పనివాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. షోకేసులో పెట్టుకోవడానికి ముచ్చటగానే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, వాటిని చూసీ చూసీ అసలు ఫోన్ కూడా అలాగే ఉండాలని మనం నమ్మేశాం. అటక మీద నల్లటి ఫోన్ దొరికితే, పాపం దీనికి ఎవరో నల్లరంగు పూశారు, లోపల మంచి ఇత్తడి ఉంది అనుకుని గీకడం మొదలుపెడతాం. నకలులా కనిపించడం కోసం అసలును గీకుతున్నాం.

సికింద్రాబాద్‌లో ఎంతమంది ఇళ్లలో అలాంటి ఫోన్ ఉంటుందని మీరు అడగొచ్చు. కొద్దిమంది ఇళ్లలోనే. కానీ రైల్వే వస్తువుల సంగతి వేరు. మన పిల్లల్లో చాలామందికి తాతయ్యో, ముత్తాతో రైల్వేలో చేసినవాళ్లే. వాడి నుంచి మన ఊరికి రైలు వచ్చింది 1874లో. ఆ తర్వాత ఆ లైను నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ కిందికి వెళ్లింది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చేతి లాంతరు, తాళం, బ్యాడ్జి, కోటు బటన్ లాంటి వాటి మీద రైల్వే తన పొట్టి అక్షరాలు కొట్టించేది. ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే కంపెనీ కాలం నాటిది. ఎస్.సి.ఆర్. అని ఉంటే 1966 తర్వాతది. ముత్తాతగారు ఏ రోజుల్లో కొలువు చేశారో చెప్పే కాగితం ఇంట్లో లేకపోయినా ఆ అక్షరాలు కొంత చెబుతాయి. ఏటా దసరాకు ఇటుక పొడితో రుద్దుతూ పోతే కొన్నేళ్లకు అవి వేలికి కూడా తగలవు.

రెండేళ్ల కిందట నగరంలో ఒకచోట జరిగిన పిల్లల ప్రదర్శనకు నన్ను జడ్జిగా పిలిచారు. రెండు రైల్వే చేతి లాంతర్లు పక్కపక్కనే పెట్టారు. మొదటిదానికి రంగంతా ఒలిపించి, మెషీన్ పాలిష్ పెట్టించారు. చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. రెండోది మసిబారి నల్లగా ఉంది. పైన పట్టుకునే కడ్డీ దగ్గర మాత్రం రంగు అరిగి లోహం బయటపడింది, సరిగ్గా నాలుగు వేళ్ల వెడల్పున. ఆ పాప తన చెయ్యి అక్కడ పెట్టి, "మా తాతయ్య ఇక్కడే పట్టుకునేవారు మేడమ్, చూడండి, నా వేళ్లు సరిపోవడం లేదు" అంది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు మొదటి లాంతరుకే ఫస్ట్ ప్రైజు ఇచ్చారు. శుభ్రంగా ఉంచడం కూడా చూడాలి కదా అన్నారు. నా ఒక్క ఓటు చాలలేదు. వెళ్లిపోతూ ఆ పాప వాళ్లమ్మగారితో అంటున్న మాట వినబడింది: "అమ్మా, వచ్చే ఏడాది మనదీ పాలిష్ చేయిద్దాం."

ప్రైజు పోతే పోయింది. ఆ నాలుగు వేళ్ల గుర్తు ఇప్పుడు ఆ లాంతరు మీద ఉందో లేదో అన్నదే నా దిగులు. మనం ఇచ్చే మార్కులు పిల్లలకు ఏం నేర్పుతున్నాయో చూడండి. ముందుతరం వాళ్ల చేతి గుర్తును మురికిగా చూడమని నేర్పుతున్నాం.

నల్లగా ఉంటే పాడైనట్టేనన్న ఆలోచన అసలు మన ప్రాంతానికి నప్పదు. ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో నలుపునే అందంగా చేసుకున్న ఊరు ఉంది. బీదర్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. అక్కడి బిద్రీ పనిలో వాడే లోహం ఎక్కువ భాగం జింక్, కొంచెం రాగి. దాని మీద నగిషీ చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగ, వెండి రేకు పొదుగుతారు. ఆ దశలో వస్తువంతా బూడిద రంగే, వెండి విడిగా కనబడదు. బీదర్ కోటలోని పాత గోడల దగ్గర తవ్విన మట్టిలో నవాసారం కలిపి, అంటే మన పాఠాల్లోని అమ్మోనియం క్లోరైడ్ కలిపి, ముద్దగా చేసి పూస్తారు. జింక్ లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఆ తర్వాత నూనె రాసి నలుపు తేల్చుతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు, పాన్‌దాన్లు ఉన్నాయి. పిల్లల్ని ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించండి. ఎవరి ఇంట్లోనైనా పెళ్లి కానుకగా వచ్చిన బిద్రీ పూలకుండీ ఉంటే, దాన్ని గిన్నెల సబ్బుతో, పీచుతో రుద్దకండి. నలుపు పోతే ఇక అక్కడ బిద్రీ ఏముంది?

అంటే ఇంట్లో ఏదీ తోమొద్దా అని మీ అత్తగారు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దీపపు కుందులు, పూజ గంట, రోజూ వాడే రాగి చెంబు నిక్షేపంగా తోముకోండి. అవి తోముకుని వాడడానికే చేసినవి, ఆ మెరుపే వాటికి సహజం. వంట గిన్నెలకు కళాయి అరిగితే మళ్లీ వేయించాల్సిందే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టి పాత పూతను కాపాడుతున్నానంటే కడుపులో తిప్పుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ వస్తువును చేసినవాళ్లు ఇది ఎలా కనబడాలని అనుకున్నారు? కుంది మెరవాలని అనుకున్నారు. ఫోన్, రైల్వే లాంతరు, బిద్రీ కుండీ విషయంలో అలా అనుకోలేదు.

ఇక కెమిస్ట్రీ టీచర్‌గా రెండు మాటలు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ఉప్పు తోడైతే రాగి మీది నల్లటి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, అందుకే చెంబు అంత తళతళలాడుతుంది. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసినది. ఆమ్లంలో అతిగా నానబెడితే జింక్ ముందు పోయి, ఉపరితలం గులాబీ రంగుకు తిరుగుతుంది. పొడితో రుద్దినప్పుడల్లా ఎంతో కొంత లోహమే పోతుంది. కొన్ని పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది, దానికీ ఇత్తడికీ పడదు. దీని వెనుక మన దేశపు కథ ఒకటుంది, కంటోన్మెంట్ ఊళ్లో ఉంటున్నాం కాబట్టి చెప్పకుండా ఉండలేను. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో తూటాలను నిల్వ చేస్తే వాటి ఇత్తడి తొడుగులు ఎవరూ ముట్టుకోకుండానే పగిలిపోయేవి. వాటిని గుర్రపుశాలల్లో ఉంచేవాళ్లు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిసి పని చేస్తున్నాయని 1921లో తేల్చారు. పదో తరగతి పిల్లలకు లోహక్షయం పాఠం చెప్పేటప్పుడు ఈ కథ చెబితే వెనుక బెంచీ కూడా వింటుంది.

ఫోన్‌లో గరాటా, రిసీవర్ చాలావరకు ఎబోనైట్‌తో చేసినవి. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు అది. వెలుతురుకు ఏళ్ల తరబడి గోధుమ, ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. నీళ్లతో కడిగితే ఇంకా అధ్వానమవుతుంది, తడిబట్ట కూడా వద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లల ఆరోగ్యం. పాతకాలపు రంగుల్లో సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ పొడి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేసే పని కాదది. నా మిగతా మాటలు నచ్చకపోయినా ఇదొక్కటి మాత్రం దయచేసి పాటించండి.

తోమే బదులు ఆ గంటసేపు పిల్లలతో కలిసి చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే చాలు. చెయ్యి తగలని, వెలుతురు పడని చోట్ల అసలు పూత బతికి ఉంటుంది: పీఠం అడుగున, రిసీవర్ వేలాడే కొక్కెం వెనుక, మరల తలల చుట్టూ. అయస్కాంతం పెట్టి చూడండి. ఇత్తడికి అంటుకోదు, ఇనుముకి అంటుకుంటుంది. తెల్లటి పూత ఉంటే దాని ఛాయ గమనించండి. నికెల్ కాస్త పసుపు కలిసిన తెలుపు, క్రోమియం నీలం కలిసిన తెలుపు. క్రోమియం పూత వ్యాపారంలోకి వచ్చిందే 1920లలో. కాబట్టి అంతకు ముందు కాలపు ఫోన్ మీద క్రోమియం కనబడితే తర్వాత ఎవరో వేయించారని అర్థం. అమెరికా ఫోన్లయితే పేటెంట్ తేదీలు లోహం మీదే చిన్న అక్షరాలతో కొట్టి ఉంటాయి. ఇంకో మాట, సాధారణంగా ఈ ఫోన్లలో గంట ఉండదు. గంటల పెట్టె వేరుగా గోడకు ఉండేది. మీ అటక మీద రెండు గంటలున్న చెక్కపెట్టె ఎందుకో తెలియక పడి ఉంటే, అది దీని జత కావచ్చు.

దుమ్ము ఎలాగూ తీయాలి. మెత్తటి కుంచెతో, పొడి నూలుబట్టతో చాలు. ఆకుపచ్చగా పొడిలా చిలుము రాలుతుంటే పొడి కుంచెతోనే తీసి, తేమ తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూతికట్టకండి, వానాకాలంలో లోపల చెమ్మ చేరుతుంది. అంతకు మించి చెడిపోయి ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా, మ్యూజియంలలో ఈ పని తెలిసినవాళ్లను అడగడం మంచిది. ఫోన్ పనిచేస్తుందేమో చూద్దామని మాత్రం ఏ ప్లగ్గులోనూ పెట్టొద్దు.

ఇంత శ్రమ ఎందుకు, రాణీగంజ్‌లో తూకానికి వేస్తే సరిపోతుంది అనేవాళ్లూ ఉన్నారు. తూకంలో ఇత్తడికే ధర, పూతకు లెక్క లేదు. అదే సేకరించేవాళ్లు అసలు పూత చెక్కుచెదరని దానికే ఎక్కువ ఇస్తారు, ఒలిచి మెరిపించిన దాన్ని తగ్గించి అడుగుతారు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామని అనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువులను ఇష్టం వచ్చినట్టు దేశం దాటించనివ్వదు. 1920ల నాటి వస్తువులు ఒక్కొక్కటిగా ఇప్పుడే ఆ వయసుకు వస్తున్నాయి.

మార్కుల సంగతి కూడా తేల్చి చెప్పాలి, మీరు అడిగేది అదే కాబట్టి. మెరుపుకు మార్కులు ఉండకూడదని నా అభిప్రాయం. ప్రదర్శన చూసే సహ ఉపాధ్యాయులను కూడా ఇదే కోరుతున్నాను. మార్కులు వస్తువు పక్కన పెట్టే కార్డుకు ఇద్దాం. తెలుగులోనో ఇంగ్లీషులోనో అయిదారు వాక్యాలు, పిల్లల సొంత చేతిరాతతో. ఇది ఎవరిది, ఏ పనికి వాడారు, ఇప్పుడు ఏ రంగులో ఉంది, అసలు రంగు ఎక్కడ కనిపించింది, ఎక్కడెక్కడ అరిగింది, అలా ఎందుకు అరిగి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే తప్ప ఆ చివరి ప్రశ్నకు జవాబు దొరకదు. తాతమ్మ ఊళ్లో ఉంటే వీడియో కాల్ చేసి వస్తువును కెమెరా ముందు పెట్టండి. తెలియని చోట "తెలియలేదు" అని రాసినా మార్కు ఇవ్వాల్సిందే.

కార్డులు ప్రదర్శనకు వారం ముందు క్లాస్ టీచర్‌కు అందితే మేము చదివి, సందేహాలుంటే డైరీలో రాసి పంపుతాం. పీఠం కింద పాత ఉన్నిబట్ట అంటించి ఉంటే ఊడదీయకండి. ఊడిపోయి ఉన్న మూల ఏదైనా ఉంటే అక్కడ నెమ్మదిగా ఎత్తి చూసి, ఫోటో తీసుకుని, అలాగే వదిలేయండి.